పక్షుల్ని పిలిచేది ఆ బురదే!

పులికాట్ అనగానే ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. అంత దూరం నుంచి వాటిని రప్పిస్తున్న బురదనేల మాత్రం ఎవరికీ పట్టదు. పక్షులు మళ్లీ మళ్లీ రావాలంటే ముందు దాన్ని కాపాడుకోవాలి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ మధ్యలోంచే సాగుతుంది. జనవరిలో ఆ దారికి రెండు పక్కలా, లోతులేని నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. అంతరిక్ష కేంద్రం షార్‌కు వెళ్లేవాళ్లూ, చూడవచ్చినవాళ్లూ బండ్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. తెలుగువాళ్లు ప్రళయకావేరి అని పిలుచుకున్నారు. ఈశాన్య రుతుపవనాలు కురిస్తే కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు మోసుకొస్తాయి. పోటు సమయంలో ముఖద్వారాల గుండా సముద్రం లోపలికొస్తుంది. వానలు వెనకబట్టాక నీరు తీసి, మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. పురుగులు, చిన్న గుల్లలు, నాచు, కంటికి ఆనని రొయ్యజాతి జీవులు అందులో పుష్కలం.

ఫ్లెమింగో తల కిందులుగా వంచి, ముక్కునే జల్లెడ చేసి ఆ బురదనీటిని వడకడుతుంది. దాని గులాబీ రంగు ఆ తిండి పెట్టిందే. పొట్టి ముక్కు ఉల్లంకి పిట్టలు పైపైన ఏరుకుంటాయి. పొడుగు ముక్కువి లోతుకు గుచ్చి పురుగును లాగుతాయి. ఎవరి తిండి వారికి ఉంది కాబట్టే ఇన్ని జాతులు ఒకే చోట బతుకుతున్నాయి.

దగ్గర్లోని నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు కూడా పిల్లల కోసం పులికాట్ చేపలే తీసుకెళ్తాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. అందుకే అక్కడి రైతులకు ఆ పక్షులంటే అంత ప్రేమ.

గీత గీసిన తీర్పు

పులికాట్, నేలపట్టు 1976లో అభయారణ్యాలయ్యాయి. 1990ల్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వుతుంటే గాంధేయవాది ఎస్.జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్లలోపు రొయ్యల చెరువులు ఉండకూడదని 1996 డిసెంబర్ 11న కోర్టు తీర్పిచ్చింది. నేలపట్టు పేరు కూడా అందులో ఉంది.

పూడిన ద్వారం

తీర్పు చెరువుల్ని ఆపగలదు, ఇసుకను ఆపలేదు. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోతే పోటునీరు లోపలికి రాదు. ఎండలకు ఉన్న నీరు ఆవిరై ఉప్పు ముదురుతుంది. ఉత్తరపు భాగం బీటలు వారుతుంది. బురదలోని జీవం చస్తుంది, సముద్రం నుంచి చేపపిల్లలు రావడం ఆగిపోతుంది. పక్షికి తిండి కరవైన ఏడాదే జాలరికీ వేట కరవవుతుంది. ఒకరి కోసం ఇంకొకరు వదులుకోవాల్సింది ఇక్కడ ఏమీ లేదు. ఇద్దరికీ కావాల్సింది తెరిచి ఉన్న ముఖద్వారమే.

2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో సూళ్లూరుపేటకు తిరిగొచ్చింది. అది మంచి పండగ. పిల్లలు పక్షుల్ని పేర్లతో గుర్తుపట్టడం నేర్చుకుంటారు. అదే చోట బురద గురించీ చెప్పాలి. ముఖద్వారాల పూడిక ఎప్పుడు, ఎక్కడ తీయాలో పోటుపాట్లు ఎరిగిన జాలర్లను అడిగి నిర్ణయించాలి. నదుల్లోకి మురుగు వదలకూడదు. వెయ్యి మీటర్ల గీతను ఎవరూ చెరపకుండా చూడాలి. పండగ కొద్ది రోజుల్లో ముగుస్తుంది, ఈ పనులు మాత్రం ఏటా చేయాల్సినవే.