ఏసీ ఫిల్టర్‌లో రేడియేషన్ ఉందా?

ఏసీ ఫిల్టర్ మీద రేడియేషన్ మీటరు పెడితే టకటకమంటుందట, దాన్ని ముట్టుకుంటే క్యాన్సరేనట. క్యాంపుల్లో మనవాళ్లు అనుకుంటున్న మాట ఇది. మేము డాక్టర్లం కాము, టైంషీట్లు రాసుకునే గుమాస్తాలం. అయినా చదివి తెలుసుకున్నంత రాస్తున్నాం. మీటరు సంగతి నిజమే. భయపడాల్సిన చోటు మాత్రం వేరు.

నేలలో, రాళ్లలో కొద్దికొద్దిగా యురేనియం ఉంటుంది. దాని నుంచి రాడాన్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నేల పగుళ్లలోంచి గదుల్లోకి వస్తుంది. అది విరిగిపోతూ పొలోనియం, సీసం, బిస్మత్ రేణువులుగా మారుతుంది. ఇవి దుమ్ముకు అంటుకుని ఫిల్టర్‌లో చిక్కుతాయి. వీటి ఆయుష్షు తక్కువ. ఏసీ ఆపాక మూడు నాలుగు గంటల్లో దాదాపు అంతా తగ్గిపోతుంది, మిగిలేది చాలా స్వల్పం. ఫిల్టర్‌లో చిక్కింది మన ఊపిరితిత్తుల్లోకి పోనిదే కదా!

1984లో అమెరికాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు లిమరిక్ అణు విద్యుత్ కేంద్రం నిర్మాణంలో పనిచేసేవాడు. అతను నడిస్తే రేడియేషన్ అలారం మోగేది. అక్కడ కరెంటు ఉత్పత్తి ఇంకా మొదలే కాలేదు. చివరికి చూస్తే రేడియేషన్ ప్లాంటుది కాదు, అతని ఇంటిది! ఇంట్లో రాడాన్ ఇప్పటి అమెరికా హద్దుకు వందల రెట్లు ఉంది.

అంటే అసలు సంగతి మూసిన గది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలో గాలినే తిప్పుతుంది. పై అంతస్తుల్లో సాధారణంగా రాడాన్ తక్కువ. కింది అంతస్తుల్లో, ముఖ్యంగా బేస్‌మెంటులో, పేరుకునే అవకాశం ఎక్కువ. ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్స్ దాటకుండా చూడాలని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాడాన్ ముప్పు పొగ తాగేవాళ్లకు తాగనివాళ్ల కంటే 25 రెట్లు ఎక్కువని కూడా ఆ సంస్థ లెక్క. తలుపులు బిగించిన రూములో బంకు మీద పడుకుని సిగరెట్ కాల్చే అన్నలూ, ఫిల్టర్ సంగతి తర్వాత చూద్దాం!

ఎండాకాలమైనా తెల్లవారుజామున కాసేపు కిటికీ తెరవండి. దుమ్ముకు భయపడి ఫిల్టర్ పీకేయొద్దు. ఏసీ ఆపి, కొన్ని గంటలాగి, మూతికి గుడ్డ కట్టుకుని నీళ్లతో కడగండి. కిటికీ లేని బేస్‌మెంటు స్టోరులో పడకలు వేసినచోట మాత్రం ఊరుకోవద్దు. రూములో అందరూ కలిసి సంతకాలు పెట్టి, ఎగ్జాస్టు ఫ్యాన్ కావాలనో రూము మార్చాలనో క్యాంప్ బాస్‌కు కాగితం ఇవ్వండి. ఇంగ్లీషులో రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, రాసిపెడతాం. ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.