మంచి ముక్కలున్నా డ్రాప్ చెప్పే వేళ
గూడెం ఉల్లికీ, కొల్లేటి రొయ్యకూ పేకాట నేర్పే లెక్క

తాడేపల్లిగూడెం: నాసిరకం సరుకును వదిలించుకోవడం వర్తకునికి ఎవరూ నేర్పనక్కరలేదు. నాణ్యమైన సరుకు గోదాములో వుండి, ధారణ కూడా పుంజుకుంటున్న సమయంలో అమ్మి బయటపడడమే కష్టమైన విద్య. పెట్టుబడినే ముంచే నష్టాలు తరచు చెడ్డ సరుకు వల్ల గాక, మంచి సరుకును వదలలేకపోవడం వల్ల వస్తున్నవి.

పేక బల్ల వద్ద కూర్చున్నవారికి ఇది తెలియనిది కాదు. 13 ముక్కల రమ్మీలో మొదటే డ్రాప్ చెబితే సాధారణంగా 20 పాయింట్లు, మధ్యలో వదిలితే 40, పూర్తిగా చిక్కితే 80. చేతిలో రెండు జోకర్లు, ఒక జత రాజులు వుండవచ్చు. లైఫ్ పడకముందే ఎదుటివాడు షో చేస్తే ఆ రాజులే బరువు. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కేసులో తీర్పు చెప్పినప్పుడు, ఏ ముక్క వుంచాలి, ఏది పారవేయాలి అన్న నేర్పునే ఎత్తి చూపింది.

ఆసుల జత వదిలే లెక్క

డబ్బు పందెపు ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా ఇందుకు చట్టం చేసింది. ఆట సంగతి ఎలా వున్నా, పోకర్ టోర్నమెంటులోని ఒక లెక్క మాత్రం వర్తకునికి పనికివచ్చేదే.

పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు పంచుతారు. రెండూ ఆసులే అయితే అంతకు మించిన చేయి లేదు. ఎదుటివాని వద్ద ఏ ముక్కలున్నా సగటున నూటికి 85 సార్లు ఆసులదే గెలుపు. ఇప్పుడు పది మందికి సమాన బహుమతులున్న టోర్నమెంటులో పదకొండు మంది మిగిలారనుకోండి. ఇద్దరు ముగ్గురి వద్ద చిల్లులు అడుగంటినవి. మన ఆటగాని వద్ద తగినన్ని వున్నవి. అందరికన్న పెద్ద గుట్ట వున్నవాడు సర్వం ఒడ్డాడు. ఆసులతో ఎదిరించి గెలిచినా దక్కేది అదే బహుమతి. ఓడితే ఉత్త చేతులు. వదిలి కూర్చుంటే అడుగంటిన వారిలో ఒకడు త్వరలో వెళ్ళిపోతాడు, బహుమతి దాదాపు ఖాయం. కనుక అక్కడ ఆసులు వదలడమే సరి. మామూలు డబ్బు ఆటలో మాత్రం, పంపకం కాగానే అవే ఆసులను వదిలేవాడు తెలివితక్కువవాడే. తేడా ముక్కల్లో లేదు. గెలిస్తే కలిసేదెంత, ఓడితే పోయేదెంత అన్న దానిలో వున్నది.

ఉల్లి బస్తా మీద

కర్నూలు, మహారాష్ట్ర సరుకు దిగే గూడెం మార్కెట్టుకు ఇదే లెక్క అన్వయించవచ్చు. ఉదాహరణకు క్వింటాలు 2,000 రూపాయలకు కొన్న ఉల్లి నేడు 2,800 పలుకుతున్నది. ఆగితే 3,200 రావచ్చు. ఏదైనా ఆంక్ష వస్తే 1,800కు పడవచ్చు. కలిసేది 400, పోయేది 1,000. అంటే ధర పెరిగే అవకాశం నూటికి 71 పాళ్ళు దాటితేనే ఆగడం గిట్టుబాటు. తరుగు, కుళ్ళు, వడ్డీ కలిపితే అంతకన్న ఎక్కువే కావాలి.

ఆంక్షలు ఊహలు కావు. 2019 సెప్టెంబరులో కేంద్రం ఎగుమతులు ఆపి, టోకు వర్తకుల నిల్వకు 500 క్వింటాళ్ళ పరిమితి పెట్టింది. డిసెంబరులో దానిని 250కి తగ్గించింది. 2020 సెప్టెంబరులోనూ, 2023 డిసెంబరులోనూ మళ్ళీ ఎగుమతి నిషేధం వచ్చింది. ధర బాగా పెరిగిన సమయమే ఆంక్షకు అనువైన సమయం కావడం ఇందులోని మెలిక.

రొయ్యల చెరువులో

కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువుల్లో బలమైన చేయి అంటే 50 కౌంటుకు వచ్చిన ఆరోగ్యమైన రొయ్య. ఇంకా ఆపితే 30 కౌంటు, మంచి ధర. కాని ఆపిన ప్రతి రోజూ మేత, కరెంటు ఖర్చు. తెల్లమచ్చ సోకితే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారైన అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, రొయ్యలో ఏ లోపం లేకున్నా ధారణ దెబ్బతిన్నది. ఇప్పటికే పెట్టిన మేత ఖర్చు చూసి ఆగడం, బల్ల మీద పడిన డబ్బు చూసి ఆట కొనసాగించడం వంటిదే. అది పోయిన ఖర్చు. ఇక ముందు పెట్టవలసినదే లెక్కకు రావాలి.

పేకాటగానికి లేని ఒక వెసులుబాటు వర్తకునికి వున్నది. అతడు చేతిలో సగం వదలలేడు. వర్తకుడు సగం బస్తాలు అమ్మి అసలు రాబట్టుకొని, తక్కిన సగంతో ఆగవచ్చు. రైతు కూడా ఒక వల వేసి కొంత పట్టుబడి చేయవచ్చు.

అమ్మిన వారానికే ధర మరో 200 పెరగవచ్చు. వదిలిన ఆటలో గెలుపు ముక్క తర్వాత బల్ల మీద పడడం మామూలే. అందుకు చింతించి, పై ధరకు తిరిగి కొనడమే అసలు ప్రమాదం. ఒక్క బేరం ఫలితంతో నిర్ణయాన్ని తూచరాదు. కొన్ననాడే అమ్మకపు ధరను, భరించగల నష్టాన్ని చిట్టాలో రాసుకొని, సీజను చివర సరిచూసుకుంటే, వదిలినవాటిలో ఎన్ని సరైనవో తేలుతుంది. ముఖ్యంగా అప్పు మీద సరుకు నిలిపినవారికి ఈ అలవాటు అవసరం. వారు ఒకసారి పూర్తిగా చిక్కితే వచ్చే సీజనుకు కొనుగోళ్ళలో వుండరు.