ఆగడం నేర్చుకున్న ఫ్యాను

కోలారు బంగారు గనుల్లో ఆగకూడని ఫ్యాన్లు ఉండేవి. ఛాంపియన్ రీఫ్ గని నేలలోకి దాదాపు 3.2 కిలోమీటర్లు దిగింది. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటి ఉండేది. కింద మనుషులు ఉన్నంతసేపూ పైనుంచి గాలి తోస్తూనే ఉండాలి. చివరికి గాలిని ముందే చల్లబరిచి లోపలికి పంపే ప్లాంట్లు కూడా పెట్టారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

ఆ గనుల ఊరు కేజీఎఫ్‌లో ఇప్పుడు నేను చేసిన ఫిర్యాదు దీనికి సరిగ్గా తలకిందులు. రాబర్ట్‌సన్‌పేటలో ఒక మెకానిక్ షెడ్డు ముందు మా పాత కారు నిలబెట్టి, "ఫ్యాను ఆగడం లేదు" అన్నాను. ఆయన బానెట్ ఎత్తకుండానే రెండు ప్రశ్నలు వేశాడు. "తాళం తీసినాక కూడా తిరగతా ఉందా సార్? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే మొదలైతా ఉందా, రవ్వంత దూరం పోయినాకనా?" సగం రోగనిర్ధారణ ఆ రెండు ప్రశ్నల్లోనే ఉందని తర్వాత తెలిసింది.

అసలు రేడియేటర్ ఫ్యాను పుట్టిందే ఆగకుండా తిరగడానికి. విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారు 1900-01లో బయటికొచ్చింది. దాని ముందుభాగంలో తేనెపట్టులాంటి రేడియేటర్, అందులో 8,070 సన్నటి గొట్టాలు. బండి నెమ్మదిగా పోయేటప్పుడు ఎదురుగాలి చాలదని రేడియేటర్ వెనకాల ఒక చిన్న ఫ్యాను పెట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కార్ల ఫ్యాన్లు ఇంజిన్‌కి బెల్టుతో కట్టుబడే బతికాయి. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని అలాంటివే. ఇంజిన్ తిరిగితే ఫ్యాను తిరగాలి, ఇంజిన్ పరిగెడితే అదీ పరిగెత్తాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కుతూ బరువేసుకుని తక్కువ గేరులో పాకే బండికి గాలి కావాలి, బెల్టు ఫ్యానేమో అక్కడ ఇంజిన్ ఎంత తిరిగితే అంతే ఇస్తుంది. అదే బండి ముళబాగిలు హైవే మీద ఎనభైలో పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని కడిగేస్తుంది, ఫ్యాను అక్కర్లేదు. కానీ అది అక్కడే అన్నిటికన్నా జోరుగా తిరుగుతుంది. ఫ్యాను వేగం రెండింతలైతే అది తినే శక్తి ఎనిమిదింతలవుతుంది. ఆ శక్తంతా మన పెట్రోలే.

అందుకని దానికి ఆగడం నేర్పారు. పెద్ద డీజిల్ బండ్లలో సిలికాన్ నూనె నిండిన క్లచ్ వచ్చింది. రేడియేటర్ గాలి వేడెక్కితే ముందున్న లోహపు చుట్ట సాగి నూనెకు దారి విడుస్తుంది, ఫ్యాను పట్టు బిగుస్తుంది. చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా పడుకోవడంతో బెల్టుకి చోటే లేకుండా పోయింది. 1983 చివర్లో మన రోడ్డెక్కిన మారుతి 800లో ఫ్యాను కరెంటుది. రేడియేటర్ నీళ్ళు బాగా కాగితే ఒక స్విచ్ పడుతుంది, చల్లారితే లేస్తుంది. మా నాన్నతరం వాళ్ళకి ఇది వింత. బండి ఆపి దిగాక లోపలేదో హోరుమంటే బెదిరిపోయేవాళ్ళు.

కోలారు వాళ్ళకి ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మనం సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్నాం. మన ఇంట్లో మూతలేని గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాదు, ఇంచుమించు 97 దగ్గరే మరుగుతాయి. చాలా కార్లలో ఫ్యాను మొదలయ్యేది కూడా 95, 98 డిగ్రీల చుట్టుపక్కలే. మరి నీళ్ళు ఎందుకు మరగవంటే, రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. లోపలి ఒత్తిడి పెంచి మరిగే వేడిని 120 దాకా తోస్తుంది. ఆ మూత రబ్బరు పాడైతే ఎంత మంచి ఫ్యానైనా ఓడిపోతుంది. మెకానిక్ మొదట చూసింది ఆ మూతనే, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లారాక.

ఇక ఆయన ప్రశ్నలు. తాళం తీసి చాలాసేపయ్యాకా తిరుగుతుంటే అనుమానం రిలే మీద. ఫ్యానుకి పది నుంచి ఇరవై అయిదు ఆంపియర్ల దాకా కావాలి. అంత కరెంటుని రిలే లోపలి రెండు లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ నడిపించాలి. విడిపోయే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ళు గడిచాక ఒకరోజు ఆ ముక్కలు కరిగి అతుక్కుపోతాయి. పొద్దున్నకి బ్యాటరీ చచ్చి ఉంటుంది. రిలే పీకి చూడండి. ఫ్యాను ఆగితే తప్పు రిలేదో దాన్ని నడిపే తీగదో, పీకినా తిరుగుతుంటే వైరింగ్‌లో ఎక్కడో షార్ట్. బండి ఆపాక రెండు మూడు నిమిషాలు తిరిగి ఆగిందంటే మాత్రం చాలా కార్లలో అది సహజమే.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద, తాళం తిప్పగానే మొదలైతే కథ వేరు. ముందు ఏసీ ఆపి చూడాలి. ఏసీ వేస్తే ఫ్యాను తిరగడం దాని డ్యూటీ. ఈ విషయం తెలియక మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు తక్కువేం కాదు. ఏసీ ఆపినా తిరుగుతుంటే సెన్సార్ వైపు చూడాలి.

ఈ చోట పాత బండి, కొత్త బండి ఎదురుబొదురుగా నడుస్తాయి. పాత బండిలో ఉన్నది ఉత్త స్విచ్. దాని తీగ పీకితే ఫ్యాను ఆగుతుంది. కొత్త బండిలో ఉన్నది థర్మిస్టర్. మామూలు గది వేడిలో దాని నిరోధం రెండు మూడు వేల ఓములు ఉంటే, ఇంజిన్ కాగాక రెండు మూడు వందలకు పడిపోతుంది. ఆ అంకె చూసి ఇంజిన్ కంప్యూటర్ వేడిని లెక్కకడుతుంది. దీని తీగ పీకితే కంప్యూటర్‌కి కనబడే వేడి మైనస్ 40. కోలారులో మైనస్ 40 ఏమిటి, తీగ తెగిందని దానికి అర్థమవుతుంది. వేడి ఎంతో తెలియనప్పుడు ఏం చేయాలి? చాలా కార్లలో దానికి నేర్పిన జవాబు ఒకటే, ఫ్యాను వేసెయ్. అనవసరంగా తిరిగితే పోయేది కాస్త పెట్రోలు, అవసరానికి తిరగకపోతే పోయేది ఇంజిన్ హెడ్డు. తీగ పీకి పరీక్ష చేసేవాళ్ళు తమ బండి ఏ కాలందో ముందు తేల్చుకోవాలి. లేకపోతే మంచి సెన్సార్‌ని పారేసి కొత్తది కొంటారు.

మా బండిది ఇవేవీ కాదు. అది పొద్దున చల్లగా ఉన్నప్పుడు నోరెత్తదు, బంగారపేట దాటేసరికి మొదలెట్టి ఇక ఆపదు. మెకానిక్ కింది గొట్టం పట్టుకుని చూశాడు, ఆ తర్వాత రేడియేటర్ మధ్యలో చెయ్యి పెట్టాడు. అక్కడక్కడా చల్లగా ఉంది. మొత్తం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదనో పంపు నీళ్ళు తోయడం లేదనో అనుకోవచ్చు. చారలు చారలుగా చల్లదనమంటే ఆ దారుల్లో నీళ్ళు పారడం లేదు.

"ఏ నీళ్ళు పోస్తా ఉండారు సార్?"

"ఇంట్లో బోరు నీళ్ళే."

ఆయన నవ్వాడు. "ఫ్యానుది తప్పేం లేదు సార్. అది పాపం పని చేస్తా ఉంది."

ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా మాది. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచిన ఆ నీటిలో ఖనిజాలు దండిగా కరిగి ఉంటాయి. ఉప్పు, పంచదార వేడిలో ఎక్కువ కరుగుతాయి. బోరు నీటిలోని సున్నపు లవణం తీరు వేరు, కాగితే విరిగి తెల్లటి గారగా పేరుకుంటుంది. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున కనబడేది అదే. లోహం వేడిని ఇట్టే దాటిస్తుంది, ఆ గార దాటనివ్వదు. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఆ పొర పేరుకున్నాక ఇంజిన్ వేడి బయటికి పోదు, నీళ్ళు ఎప్పుడూ 98 దగ్గరే ఉంటాయి. ఫ్యాను తన నియమం ప్రకారమే తిరుగుతోంది. మీటర్ ముల్లు చూసి నమ్మొద్దు. ఇప్పటి చాలా కార్లలో వేడి కొంత అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే కూర్చునేలా చేశారు. ముల్లు లేచేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది.

రేడియేటర్ విప్పి కడిగించినా సగం దారులు తెరుచుకోలేదు, కొత్తది వేయించాల్సి వచ్చింది. ఫ్యాను, రిలే, సెన్సార్ పాతవే. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒకసారి హోరుమని, రెండు నిమిషాలకి తనంతట తానే ఆగిపోతోంది.

మీ బండికి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించండి, కలిపిందే డబ్బాలో దొరికితే మరీ మంచిది. బోరు నీళ్ళు దారిలో ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రమే, అదీ తర్వాత మొత్తం తీయించేసేలా. వేడి మీద మూత తిప్పొద్దు. తాళం జేబులో ఉన్నా సరే, ఫ్యాను రెక్కల మధ్యకి చెయ్యి పోనివ్వొద్దు.