వేడెక్కి పాడే గాజుబుడ్డి

చవకరకం వాల్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కొన్నవాళ్ళు మొదట మురిసిపోయేది దాని నారింజ వెలుగు చూసి. చాలా సెట్లలో ఆ వెలుగు వాల్వుది కాదు. వాల్వు బేసు నడిమధ్య రంధ్రంలో కింద నుంచి పైకి గుచ్చిపెట్టిన ఎల్ఈడీది. అసలు వెలుగు చూడాలంటే ఆ ఎల్ఈడీని విప్పేసి, గదిలో దీపాలు ఆర్పి, గాజు దగ్గరికి కళ్ళు తీసుకెళ్ళాలి. లోపల పైనున్న మైకా పలక సందులో, సన్నటి గొట్టం కొసన, ఎర్రగా కాలుతున్న తీగ కాస్త కనిపిస్తుంది. అంతే. పాటను మోసేది ఆ కాస్త వేడే.

ఆ తీగ చరిత్ర కరెంటు బల్బుతో మొదలవుతుంది. 1880 ప్రాంతంలో ఎడిసన్ బల్బుల్లో గాజు లోపలి వైపు నల్లగా మసిబారేది. కారణం వెతుకుతూ ఆయన తీగ పక్కన ఒక లోహపు రేకు అమర్చి చూశాడు. రేకును బ్యాటరీ పాజిటివ్ వైపు కలిపితే మధ్యలో ఏ తీగా లేకుండానే కరెంటు పారింది. నెగెటివ్‌కు కలిపితే పారలేదు. 1883లో దానికి పేటెంటు దరఖాస్తు పెట్టుకుని, వేరే పనుల్లో పడిపోయాడు. ఆయనను తప్పుపట్టలేం. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె.జె. థామ్సన్ తేల్చింది 1897లో. కాలే తీగ నుంచి ఎగిసిపడే కణాలను అప్పటికి ఊహించేవాళ్ళే లేరు.

1904లో లండన్ ప్రొఫెసర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ఈ ఒకవైపు దారిని రేడియో తరంగాలను పట్టడానికి వాడాడు. రెండేళ్ళ తర్వాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ తీగకూ రేకుకూ మధ్య ఇంకో వంకర తీగ ఇరికించాడు. దాని పేరు గ్రిడ్. అసలు మలుపు ఇక్కడే ఉంది. వేడి తీగ (కాథోడ్) నుంచి రేకు (ప్లేటు) వైపు ఎలక్ట్రాన్ల గుంపు పరుగెడుతుంటుంది. దారిలో ఉన్న గ్రిడ్ మీద వోల్టేజీ పిసరంత అటూ ఇటూ ఊగితే చాలు, ఆ గుంపు మొత్తం పలచబడుతుంది, లేదా చిక్కబడుతుంది. చిన్న సంకేతం పెద్ద కరెంటును తనలాగే ఆడిస్తుంది. యాంప్లిఫయర్ అంటే ఇదే. ట్రాన్సిస్టరు వచ్చాక కూడా సూత్రం మారలేదు, జరిగే చోటు మారింది.

గాజులో కొంచెం వాయువు మిగిలితేనే తన యంత్రం పనిచేస్తుందని డి ఫారెస్ట్ నమ్మాడు. అది పొరపాటని శాస్త్రవేత్తలు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, హెరాల్డ్ ఆర్నాల్డ్ చూపించారు. గాలిని పూర్తిగా లాగేస్తేనే వాల్వు మాట వింటుంది. ఆ మెరుగైన వాల్వుల ఆసరాతో 1915 జనవరి 25న న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు టెలిఫోన్ మాట అధికారికంగా అందింది.

వాల్వుకూ హెడ్‌ఫోన్‌కూ చుట్టరికం ఇప్పటిది కాదు. నెథానియెల్ బాల్డ్విన్ తన ఇంట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910లో అమెరికా నౌకాదళం తీసుకుంది. ఇప్పటి లౌడ్‌స్పీకరుకు మూలమైన నమూనాను రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు వెలువరించింది 1925లో. అంతదాకా రేడియో వినడమంటే ఎక్కువగా చెవులకు తగిలించుకుని వినడమే.

మన వైపుకు వద్దాం. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి 1935లో సొంతంగా నడిపిన చిన్న రేడియో కేంద్రం నుంచే ఆకాశవాణి అనే పేరు దేశమంతా పాకింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లు కొనుక్కున్న రోజులవి. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్ళు. జాతరలో హరికథకు పెట్టిన మైకుసెట్టులోనూ, టూరింగ్ టాకీసులోనూ వాల్వులే.

మన పెనుకొండవాళ్ళకు ఈ కథలో ఒక దగ్గరి ఊరు ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పోయే రైలెక్కితే చేరేది బెంగళూరు. ఆ నగరం ఉత్తరపు కొసన జాలహళ్ళిలో 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ పుట్టింది. ఆ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. గాజు మీద బీఈఎల్ అని ముద్ర ఉండే ఆ వాల్వులు పాత సెట్లలో ఇప్పటికీ తగులుతాయి. అయితే అదే సంస్థ 1962లో జెర్మేనియం పరికరాలు, 1967లో సిలికాన్ పరికరాలు, ఐసీలు చేయసాగింది. 1947 డిసెంబరులో బెల్ లాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టరు అప్పటికే ప్రపంచాన్ని కమ్ముకుంటోంది. అంటే బీఈఎల్ వాల్వుల తయారీకి దిగేసరికే వాటి మంచి వయసు దాటిపోతోంది. మిగతా చోట్ల నలభై ఏళ్ళు ఏలిన యంత్రం బీఈఎల్‌లో తయారీకి వచ్చేసరికే సెలవుకు సిద్ధమైంది. మన ఇళ్ళలో దాని మీద మక్కువ తీరకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

మక్కువ ఉంది, డబ్బు తక్కువ. అలాంటప్పుడు దారి సెకండ్‌హ్యాండే. కొత్త మోడల్ మీద మనసు పడ్డవాళ్ళు బెంగళూరులో పాత వాల్వు హెడ్‌ఫోన్ సెట్లు సగం ధరకూ అంతకన్నా తక్కువకూ వదిలించుకుంటుంటారు. ‘ఒక పక్క వినపడదు’, ‘గరగరమంటుంది’ అని ప్రకటనలో ఉంటే ధర ఇంకా పడుతుంది. నాకు ఇష్టమైన సరుకు అదే. ఎందుకంటే ఆ రెండు జబ్బులూ చాలాసార్లు పదుల రూపాయల్లో నయమవుతాయి.

ఇలాంటి చవక సెట్టు మూత తీస్తే పెద్దగా ఏమీ ఉండదు. నడుమ ఈసీసీ82 అనే వాల్వు ఒకటి. అమెరికావాళ్ళు దాన్నే 12ఏయూ7 అంటారు. ఒకే గాజులో రెండు ట్రయోడ్‌లు, అంటే కాథోడ్, గ్రిడ్, ప్లేటు కూటములు రెండు, ఎడమకొకటి, కుడికొకటి. రెండు వైపులా అల్యూమినియం హీట్‌సింకులకు బిగించిన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు. కొన్ని కండెన్సర్లు, ఒక వాల్యూం కంట్రోల్, 24 వోల్టుల అడాప్టరు.

మాస్‌ఫెట్ ఎందుకు, అంతా వాల్వే చేయకూడదా అంటే లెక్క చూడాలి. ఈసీసీ82ను మామూలుగా కట్టే పద్ధతుల్లో దాని అవుట్‌పుట్ నిరోధం సుమారు 450 ఓములకు తగ్గదు. మామూలు హెడ్‌ఫోన్ 32 ఓములు. నేరుగా కలిపితే వోల్టేజీలో వందకు ఏడు వంతులు కూడా హెడ్‌ఫోన్‌కు చేరవు, మిగతాదంతా వాల్వులోనే పోతుంది. 300 ఓముల హెడ్‌ఫోన్ అయితే నలభై వంతులు చేరతాయి. అందుకే స్వరాన్ని పెంచే పని వాల్వుకు, బరువు మోసే పని మాస్‌ఫెట్‌కు పంచారు. దీన్ని నకిలీ వాల్వు సెట్టని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. డేటాషీటు 250 వోల్టులకు లెక్కలు ఇచ్చిన వాల్వును 24 వోల్టుల మీద నడపడం దాని శక్తిని బాగా కుదించడమే, నిజం. కానీ కొత్తగా సాల్డరింగ్ ఐరన్ పట్టిన చేతికి ప్రాణభయం లేని వోల్టేజీ అది.

హిందూపురం, ధర్మవరం వైపు వాల్వు రేడియోలు చూసిన పెద్ద మెకానిక్‌లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నాతో అన్న మాట చెప్తాను: “ముందు కండెన్సర్లు సూడప్పా. వాల్వు మీద ఊరికే అనుమానం పెట్టుకోవద్దు, అది కడాకు.” మరమ్మతు శాస్త్రం సగం ఈ రెండు ముక్కల్లో ఉంది. పాట ఆగిపోగానే అందరి చూపూ వెలిగే వాల్వు మీదికే పోతుంది. యాంప్లిఫయర్ ధరకు సమానమైన డబ్బు పోసి పాత సరుకు వాల్వు తెప్పించుకున్నవాళ్ళను చూశాను. గరగర అలాగే ఉండిపోయింది.

ముందు ఖర్చులేని పరీక్ష. ఫోన్ నుంచి వచ్చే ఎడమ, కుడి వైర్లను తారుమారు చేయండి. మూగ చెవి మారితే తప్పు వైరుదో ఫోన్‌దో. మారకపోతే యాంప్లిఫయర్‌లోనో హెడ్‌ఫోన్‌లోనో ఉంది, ఇంకో హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే అదీ తేలుతుంది. తర్వాత కరెంటు తీసి, వాల్వు చల్లారాక, మెల్లగా అటూ ఇటూ కదుపుతూ పైకి లాగండి. తొమ్మిది పిన్నులనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బేసులోని పట్టీలు వదులైతే సన్న సూదితో దగ్గరికి నొక్కండి. వాల్యూం తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే అది దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేసి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ పోతే వదులుతుంది. దుమ్ముకు మన వైపు కరువు లేదు.

ఆ తర్వాత భూతద్దం పట్టి బోర్డు వెనక్కి తిప్పండి. మాస్‌ఫెట్ కాళ్ళ దగ్గర, హెడ్‌ఫోన్ జాక్ దగ్గర, వాల్వు బేసు దగ్గర సాల్డరింగ్ చుక్క చుట్టూ వెంట్రుకంత నల్లటి వలయం కనిపిస్తే పట్టు దొరికినట్టే. రోజూ వేడెక్కి చల్లారే చోట, రోజూ ప్లగ్గు గుచ్చి లాగే చోట సాల్డరింగ్ ఇలా చిట్లుతుంది. ఫ్లక్స్ రాసి, మళ్ళీ కరిగించి, కొంచెం కొత్త లెడ్ పోస్తే ‘ఒక పక్క వినపడదు’ అన్న సెట్టు చాలాసార్లు అక్కడికక్కడే నోరు విప్పుతుంది.

ఇక కండెన్సర్లు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ లోపల తడి ఉంటుంది, వేడికి అది ఆరుతూ పోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్న కండెన్సరును 65 డిగ్రీల దగ్గర వాడితే సుమారు 8,000 గంటలు. రోజుకు మూడు గంటలు వింటే ఏడేళ్ళు. మన ఎండాకాలం గదిలోనే 40 డిగ్రీలకు చేరుతుంది, పక్కనే హీట్‌సింకు చేయి పెట్టనీయనంత కాలుతుంటుంది. కాబట్టి 65 అన్నది అతిశయం కాదు. అవే 2,000 గంటలు రాసి ఉన్న 105 డిగ్రీల రకం వేస్తే అదే వేడి దగ్గర 32,000 గంటల లెక్క వస్తుంది. రెండింటికీ ధరలో తేడా కొద్ది రూపాయలే. తల ఉబ్బినవీ, కింద జిగురులా కారినవీ తీసేసి 105 రకం వేయండి. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకుండా చూసుకోండి, వోల్టేజీ పాతదానికి తగ్గనీయకండి.

అన్నీ బిగించాక హెడ్‌ఫోన్ పెట్టే ముందు మల్టీమీటరును డీసీ మీద పెట్టి జాక్ దగ్గర కొలవాలి. అవుట్‌పుట్ కండెన్సర్ కారుతుంటే అక్కడ డీసీ కనిపిస్తుంది, ఆ డీసీ హెడ్‌ఫోన్ కాయిల్‌ను కాల్చేస్తుంది. స్విచ్చి వేశాక ఒక నిమిషం ఆగి కొలిస్తే కొద్ది మిల్లీవోల్టులకు మించకూడదు. మొదట చవక ఇయర్‌ఫోన్‌తో వినండి. బోర్డు మీద రెండు చిన్న ప్రీసెట్లు ఉంటే, మాస్‌ఫెట్ సోర్సు దగ్గర 24 వోల్టుల్లో సుమారు సగం వచ్చేలా రెండు పక్కలా సరిచేయండి. రెండు పక్కలూ సమానంగా నిలవకపోతే అప్పుడు వాల్వును అనుమానించవచ్చు.

వాల్వు బతికుందో లేదో చెప్పే గుర్తు ఒకటి గాజు మీదే ఉంటుంది. పైభాగాన అద్దంలా మెరిసే వెండి పూత, దాని పేరు గెటర్. మిగిలిన వాయువును పీల్చేసే బేరియం అది. గాజు చిట్లి గాలి దూరితే ఆ వెండి పాలలా తెల్లబడుతుంది. అలా తెల్లబడిన వాల్వుకు మందు లేదు. కొత్తవి ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి.

పూర్తి వాల్వు సెట్ల సంగతి వేరు. వాటిలో 150 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. కొత్తవాళ్ళు ఒంటరిగా వాటి మూత తీయకూడదు. పెద్ద మెకానిక్‌లు పాత సెట్టుకు మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు దానితో సిరీస్‌లో పాతకాలపు ఫిలమెంట్ బల్బు కలుపుతారు. సెట్టులో షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు కాలదు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఎడిసన్ బల్బే తన వారసుడికి కాపలా కాయాలి.

మరి వినడానికి ఎలా ఉంటుంది? ట్రయోడ్ స్వరానికి కాస్త కల్తీ చేస్తుంది, అందులో ఎక్కువ భాగం రెట్టింపు పౌనఃపున్యం. సంగీతం తెలిసినవాళ్ళ లెక్కలో అది పై స్థాయిలోని అదే స్వరం. తంబురా తీగ మీటినప్పుడు సహజంగా పలికే తోడు స్వరాల్లో అదీ ఒకటి. అందుకే ఒంటి గొంతు, వీణ, వేణువు ఈ సెట్టులో నిండుగా అనిపిస్తాయి. 1957 నాటి మాయాబజార్ పాటలు విని చూడండి. ఆనాటి స్టూడియోల్లో రాజ్యం వాల్వులదే, ఘంటసాల గొంతు వాటిని దాటుకునే మనదాకా వచ్చింది. కానీ పాతిక వాయిద్యాలు ఒక్కసారి మోగే పాటలో ఈ కల్తీలు ఒకదానితో ఒకటి కలిసి కొంచెం మసక తెస్తాయి. అక్కడ చవక ఐసీ యాంప్లిఫయర్ శుభ్రంగా వినిపిస్తుంది. రెండూ నిజమే, నాకు గొంతు ముఖ్యం కాబట్టి నేను వాల్వు వైపు ఉన్నాను.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో అటక మీద పాత వాల్వు రేడియో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. నేరుగా ప్లగ్గులోనూ పెట్టకండి. గాజుల మీది నంబర్లు రాసుకుని, మీ ఊళ్ళో పెద్ద రేడియో మెకానిక్ ఎవరైనా మిగిలి ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. సెట్టు పలికినా పలకకపోయినా, ఆయన పక్కన కూర్చుని ఒక పూట పని చూడండి. ఆ చేతుల్లో ఉన్న విద్య ఏ డేటాషీటులోనూ లేదు.