ఒకే కంప్యూటర్‌లో రెండు వ్యవస్థలు

చిక్కబళ్ళాపురం జిల్లాలోని తొండేభావి ప్రాంతంలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కచేరీలో కన్నడం మాట్లాడతారు. ఒకే మనిషి రెండు భాషలతో పనులు నెరవేర్చుకోవడం మీకు కొత్త కాదు. కంప్యూటర్‌ను కూడా ఇలాగే రెండు వ్యవస్థలతో పనిచేయించవచ్చు.

కంప్యూటర్ భాగాలన్నింటినీ నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, లినక్స్ అటువంటివే. లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. దీనిని ఎవరైనా వెల చెల్లించకుండా వాడుకోవచ్చు. మన దేశంలోని సి-డాక్ సంస్థ దీని ఆధారంగానే భారతీయ భాషలకు అనువైన 'బాస్' వ్యవస్థను రూపొందించింది. కన్నడం టైపు చేయడానికి కర్ణాటకలో వాడే 'నుడి' విండోస్ కోసం తయారైంది. కాబట్టి ఒక పాఠశాలకు రెండు వ్యవస్థలూ కావలసి రావచ్చు. ఉన్నది ఒకే కంప్యూటర్ అయితే ఏమి చేయాలి?

ఒక రైతుకు ఒక చేను, ఒక బోరుబావి ఉన్నాయనుకోండి. అతడు చేను నడుమ గట్టు వేసి, ఒక మడిలో రాగి, మరొక మడిలో వేరుశనగ పండించవచ్చు. అప్పుడు నీరంతా ఒకసారి ఒక మడికే పారుతుంది. లేదా రాగి చేలోనే నడుమ నడుమ అనప సాళ్ళు వేయవచ్చు. అప్పుడు రెండు పైర్లూ ఒకే నీటిని పంచుకొంటాయి.

మొదటి పద్ధతి వంటిది డ్యూయల్ బూట్. ఇందులో హార్డ్ డిస్క్‌ను భాగాలు చేసి రెండు వ్యవస్థలను వేరువేరుగా ఉంచుతారు. కంప్యూటర్ తెరవగానే ఏది కావాలో ఎంచుకొంటాం. ఎంచుకొన్నదానికి మెమరీ మొత్తం దక్కుతుంది. పని వేగంగా సాగుతుంది. కాని రెండవది కావాలంటే కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ తెరవాలి.

రెండవ పద్ధతి వంటిది వర్చువల్ మెషిన్. ఒక వ్యవస్థ నడుస్తుండగానే, దానిలో ఒక కల్పిత కంప్యూటర్‌ను సృష్టించి రెండవ వ్యవస్థను నడుపుతారు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే తన పెద్ద కంప్యూటర్లకు ఈ సౌకర్యం కల్పించింది. 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీనిని వ్యక్తిగత కంప్యూటర్లకు తెచ్చింది. ఇందులో రెండు వ్యవస్థలూ ఒకేసారి తెరమీద కనబడతాయి. లోపలి వ్యవస్థ పాడైతే తొలగించి మరొకటి పెట్టుకోవచ్చు. అయితే మెమరీని రెండూ పంచుకోవాలి గనుక వేగం తగ్గుతుంది.

మరి ఏది మేలు? బావిలో నీరెంతో చూసి పైరు వేసినట్లే, మెమరీ ఎంతో చూసి నిర్ణయించాలి. 4 జీబీ మాత్రమే ఉన్న పాత కంప్యూటర్‌కు డ్యూయల్ బూట్ తగినది. 8 జీబీ గాని, అంతకు మించి గాని ఉంటే వర్చువల్ మెషిన్ సుఖం. కొత్త వ్యవస్థను నేర్చుకొనేవారికి కూడా ఇదే క్షేమం.

ఒక జాగ్రత్త మరువరాదు. పైరున్న చేలో గట్టు వేయబోతే పైరు నలగవచ్చు. డిస్క్‌ను విభజించేటప్పుడు పొరపాటు జరిగితే అందులోని మార్కుల పట్టికలు, ఉత్తరాలు, ఫోటోలు పోవచ్చు. కనుక ముందుగా వాటి నకళ్ళు వేరొక చోట భద్రపరచాలి. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. నకలు లేని సమాచారాన్ని కొనలేము.

ప్రశ్నలు

1. ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటి?
2. డ్యూయల్ బూట్‌కు, వర్చువల్ మెషిన్‌కు గల భేదాలు తెలపండి.
3. మీ పాఠశాల కంప్యూటర్‌కు ఏ పద్ధతి తగును? కారణాలు రాయండి.