మెట్ల కింద ఏముంది?

అమెరికాలో చదువుకుంటున్న అన్నయ్యో, అక్కయ్యో మీ ఇంట్లో కాకపోతే మీ వీధిలోనైనా ఒకరుంటారు. వాళ్ళు పంపిన ఫోటోల్లో ఎప్పుడైనా ఒక పెద్ద గిన్నెలాంటి కట్టడం చూశారా? చుట్టూ మెట్లు మెట్లుగా కూర్చునే చోట్లు, నడుమ పచ్చటి మైదానం, దాని మీద తెల్లటి అడ్డగీతలు. మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు అటువంటి ఫోటో తెచ్చి, "మాస్టారూ, ఇది మా అన్నయ్య చదివే యూనివర్సిటీదంటండీ, ఊరిది కాదంట!" అన్నాడు. తరగతిలో సగంమంది నమ్మలేదు. యాభై వేలమంది కూర్చునే స్టేడియం చదువుకునే చోట ఎందుకు?

అక్కడివాళ్ళకూ వచ్చిన సందేహమే ఇది. విశ్వవిద్యాలయం తన ఆవరణలో తనకంటూ ఒక ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకోవాలా, అక్కర్లేదా అని ఆచార్యులూ, విద్యార్థులూ, ఊరివాళ్ళూ ఏళ్ళ తరబడి వాదించుకున్న చోట్లున్నాయి. రండి, మనమూ ఒకసారి ఆ మెట్లెక్కి చూద్దాం. ఎక్కడమే కాదు, మెట్ల కిందికీ తొంగి చూద్దాం. అసలు సంగతులన్నీ అక్కడే ఉన్నాయి.

ముందుగా ఒక మాట. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. రెండు కొసలా మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, ఒకరినొకరు గుద్దుకుని పడతారు. మైదానం పొడవు 120 గజాలు, వెడల్పు 53 గజాల పైచిలుకు. లెక్క కట్టండి: సుమారు 6,400 చదరపు గజాలు, అంటే ఎకరం ముప్పైరెండు సెంట్లు. ఇంతే! మన పల్లెల్లో చిన్నరైతుకు ఉండేపాటి చెక్క. మిగతా స్థలమంతా మింగేది ఆట కాదు, చూసేవాళ్ళు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1927లో కట్టిన స్టేడియంలో ఇప్పుడు లక్షమందికి పైగా కూర్చుంటారు.

మరి ఏడాదికి ఎన్నాళ్ళు ఆడతారు? ఆట కాలం దాదాపు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. అందులో సగం ఆటలు ఎదుటివాళ్ళ ఊళ్ళో. సొంత మైదానంలో జరిగేవి ఆరో, ఏడో.

ఇప్పుడొక లెక్క వేద్దాం. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయం ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్ళో ఉంది. దాని పాత స్టేడియం 1968 నాటిది. ఆవరణకు దూరంగా, ఊరికి పడమట కొండల పాదాల దగ్గర ఉండేది. దాన్ని వదిలేసి, బాండ్లు అమ్మి అప్పు తెచ్చి, ఆవరణలోనే కొత్తది కట్టి 2017లో తెరిచారు. ఖర్చు 22 కోట్ల డాలర్లు. కట్టడం యాభై ఏళ్ళు నిలుస్తుందనీ, ఏడాదికి ఆరు ఆటలనీ అనుకుందాం. మొత్తం 300 ఆటలు. ఒక్కొక్క ఆటకు 7 లక్షల 33 వేల డాలర్లు! గుండె ఝల్లుమంది కదూ? కంగారు పడకండి. సీట్లు సుమారు 36,500. భాగిస్తే ఒక సీటుకు ఒక ఆటకు పడేది 20 డాలర్లు. అంత ఘోరంగా ఏమీ లేదే అనిపిస్తుంది.

అయితే ఈ లెక్కలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, సీట్లన్నీ నిండాలి. సగమే నిండితే ఆ 20 కాస్తా 40 అవుతుంది. కాంక్రీటుకు జనం వచ్చారా రాలేదా అన్నది తెలియదు, దాని ఖరీదు దానిదే. రెండోది వడ్డీ. నేను వడ్డీ కలపలేదు. వడ్డీలెక్కలు మీకు తెలుసుగా? వందకు నాలుగు చొప్పున నలభై ఏళ్ళ వాయిదాల మీద అప్పు తెచ్చి, ఏటా సమంగా కట్టుకుంటూ పోతే చివరికి కట్టేది అసలుకు రెట్టింపు మొత్తం.

ఈ లెక్క నల్లబల్ల మీద వేస్తుంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, అక్కడ చదివేది నాలుగేళ్ళేగా? నలభై ఏళ్ళ అప్పంటే పది జట్ల పిల్లలు కట్టాలి. మొదటి జట్టువాళ్ళు చూసిన ఆటకు పదో జట్టువాళ్ళు డబ్బు కట్టాలా?" అంది. నేను పాతికేళ్ళుగా లెక్కలూ సైన్సూ చెబుతున్నాను కానీ ఈ కోణం నాకు తట్టలేదు.

అలాంటప్పుడు సొంత స్టేడియం మానేసి ఊళ్ళో ఉన్నదాన్ని అద్దెకు తీసుకోవచ్చు కదా? మిన్నెసోటా విశ్వవిద్యాలయం అదే చేసింది. 1924లో కట్టుకున్న సొంత స్టేడియాన్ని వదిలి, 1982లో మినియాపొలిస్ నగరం నడిబొడ్డున మెట్రోడోమ్ అనే స్టేడియానికి వెళ్ళింది. అక్కడ చలికాలం మంచు ముంచెత్తుతుంది. ఈ మెట్రోడోమ్‌కు పైకప్పు ఉండేది. ఆ కప్పు ఎలా నిలిచిందో తెలుసా? దూలాలూ లేవు, స్తంభాలూ లేవు. గాజుపోగుల గుడ్డను పైన పరిచి, పెద్ద పెద్ద పంకాలతో లోపలికి గాలి కొట్టి, బెలూనులా నిలబెట్టారు. లోపలి గాలి పీడనం బయటి గాలి పీడనం కంటే రవ్వంత ఎక్కువ ఉంటే చాలు, అంత పెద్ద కప్పూ తేలుతుంది.

సౌఖ్యంగానే ఉంది. కానీ అద్దె ఇల్లు అద్దె ఇల్లే. ఆటల తేదీలు ఇంటివాడిని అడిగి పెట్టుకోవాలి. విద్యార్థులు నడిచి వెళ్ళగలిగే చోటు కాదు. పాత సొంత స్టేడియాన్ని 1992లో కూల్చేశారు కూడా. చివరికి 2009లో విశ్వవిద్యాలయం సుమారు 28 కోట్ల 85 లక్షల డాలర్ల ఖర్చుతో ఆవరణలో కొత్త స్టేడియం కట్టుకుని ఇంటికి తిరిగి వచ్చింది. ప్రభుత్వం పెద్ద వాటా ఇచ్చింది, విద్యార్థుల ఫీజు నుంచీ కొంత తీసుకున్నారు. ఆట చూడనివాళ్ళ ఫీజు నుంచి కూడా. తమాషా ఏమిటంటే, మరుసటి ఏడాది 2010 డిసెంబరులో విపరీతంగా మంచు కురిసి, ఆ బరువుకు మెట్రోడోమ్ గుడ్డకప్పు చిరిగి కూలిపోయింది. అక్కడ ఆడే వృత్తి జట్టు గతిలేక విశ్వవిద్యాలయం స్టేడియానికే వచ్చి ఆడింది!

ఇక మెట్ల కిందికి వెళదాం. మెట్లు వాలుగా లేస్తాయి కనుక వాటి అడుగున త్రికోణాకారంలో బోలెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఏం చేస్తారన్నదే నాకు పెద్ద ప్రశ్న. లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయం 1930లలో చేసిన పని చూడండి. స్టేడియం పెంచాలని ఒక కోరిక, హాస్టలు గదులు చాలక మరో అవసరం. రెండూ కలిపేశారు. గ్యాలరీల కింద వరసగా గదులు కట్టి విద్యార్థులను ఉంచారు. ఏడాదికి ఆరేడు రోజులు నెత్తిన కేకలు, మిగతా రోజుల్లో చదువు. కొన్ని దశాబ్దాల పాటు విద్యార్థులు అక్కడ కాపురమున్నారు.

ఆ కేకలు ఎంతటివో కూడా చెప్పాలి. 1988 అక్టోబరు 8న అదే స్టేడియంలో ఆబర్న్ జట్టుతో ఆట. చివరి నిమిషాల్లో గెలుపు పాయింట్లు రాగానే వేలమంది ఒక్కసారిగా లేచి గెంతారు. విశ్వవిద్యాలయంలోని భూగర్భశాస్త్ర విభాగంలో భూకంపాలను నమోదు చేసే యంత్రం ఉంది. మర్నాడు చూస్తే దాని కాగితం మీద సరిగ్గా ఆ సమయానికి గీత అటూ ఇటూ కొట్టుకుని ఉంది! ఆ ఆటకు 'భూకంపం ఆట' అనే పేరు స్థిరపడిపోయింది.

అక్కడ మనుషులు నేలను కదిలించారు. నేలే మనుషుల్ని కదిలించే చోటు ఒకటుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ఆవరణలో ఒక కొండలోయ నోటి దగ్గర 1923లో స్టేడియం కట్టారు. అందమైన చోటు. మెట్ల మీద నిలబడితే సముద్రపు ఖాతం కనిపిస్తుంది. కానీ మైదానం కింద, ఇంచుమించు ఒక గోలు కొస నుంచి రెండో గోలు కొసకు, భూమిలో ఒక పగులు ఉంది. భూగర్భశాస్త్రంలో దీన్ని భ్రంశం అంటారు. దీని పేరు హేవర్డ్ భ్రంశం. 1868లో దీని మీద పెద్ద భూకంపమే వచ్చింది. ఆ విషయం ఇదే విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాసన్ నాయకత్వాన 1908లో వెలువడిన నివేదికలో ఉంది కూడా. అయినా కట్టారు.

భూకంపం రానప్పుడు కూడా ఈ పగులు ఊరుకోదు. దీని రెండు వైపుల నేలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఏడాదికి సుమారు 4, 5 మిల్లీమీటర్లు జరుగుతాయి. మీ చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే గోరు కంటే ఏడెనిమిది రెట్లు నెమ్మది. ఎవరి కంటికీ ఆనదు. కానీ ఎనభై ఏళ్ళయ్యేసరికి అడుగుకు పైగా అయింది. గోడల అతుకులు విచ్చుకున్నాయి. స్టేడియం అడుగున వాగునీరు పోయే తూము పగిలింది.

ఇది మీరే చేసి చూడవచ్చు. రెండు నోటు పుస్తకాలు పక్కపక్కన ఆనించి పెట్టండి. వాటి మీద అడ్డంగా ఒక బిస్కెట్ పెట్టి, రెండు కొసలనూ పుస్తకాలకు జిగురుతో అంటించండి. ఆరాక ఒక పుస్తకాన్ని నెమ్మదిగా ముందుకు జరపండి. టప్‌మని విరుగుతుంది. ఇప్పుడు ఇంకో బిస్కెట్ తీసుకుని, అంటించకుండా, కింద సన్నని ఇసుక చల్లి పెట్టండి. పుస్తకం జరిపినా బిస్కెట్ కొంచెం తిరుగుతుందేగాని విరగదు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇంజనీర్లు చేసింది అచ్చంగా ఇదే. 2010 నుంచి 2012 దాకా స్టేడియాన్ని మరమ్మతు చేసినప్పుడు, పగులు సరిగ్గా కిందుగా పోయే ఉత్తర, దక్షిణ కొసల్లో మెట్ల భాగాలను మిగతా కట్టడం నుంచి విడగొట్టారు. అడుగున ఇసుక, ప్లాస్టిక్ పొరలు పరిచి, వాటి మీద విడి దిమ్మల్లా నిలిపారు. పెద్ద భూకంపం వస్తే ఆ దిమ్మలు ఆరడుగుల దాకా పక్కకూ, రెండడుగుల దాకా పైకీ కిందికీ కదలగలవు. నేలతో పోట్లాడకుండా నేలతో పాటు జరిగిపోతాయన్నమాట. ఆ తెలివికి చేతులెత్తి మొక్కాలి.

మొక్కిన తరువాత బిల్లు చూడాలి. ఈ మరమ్మతుకు 32 కోట్ల డాలర్లకు పైగా అయింది. మంచి సీట్లను దీర్ఘకాలానికి ముందుగా అమ్మి అప్పు తీర్చాలనుకున్నారు. అనుకున్నంత అమ్ముడుపోలేదు. చివరికి 2018లో, క్రీడావిభాగం మోయలేని ఆ అప్పులో సగానికి పైగా భారాన్ని విశ్వవిద్యాలయం తన నెత్తిన వేసుకుంది. 1923లో చోటు ఎంచుకున్నవాళ్ళు ఎవరూ అప్పటికి లేరు.

వేరే చోటికి మార్చకూడదా అని మీరు అడగవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ పాతది అక్కడే ఉంటుంది, దాన్ని కూల్చాలన్నా డబ్బే. చుట్టుపక్కల అంతటి ఖాళీ స్థలమూ లేదు. కాంక్రీటు పోయకముందు ఎన్ని ప్రశ్నలైనా వేయవచ్చు. పోశాక అవే ప్రశ్నల ఖరీదు కోట్లలోకి వెళుతుంది.

కాబట్టి నన్నడిగితే ఇలా చెబుతాను. విద్యార్థులు నడిచి వచ్చి తమవాళ్ళ ఆట చూసే చోటు ఆవరణలో ఉండటం మంచిదే. సైన్సు మాస్టారు కదా, ఆ డబ్బుతో ప్రయోగశాల కట్టమంటాడని అనుకున్నారేమో! ఆట కోసం విరాళమిచ్చేవాడు పరీక్షనాళికల కోసం ఇస్తాడన్న నమ్మకమేమీ లేదు. కానీ కింది నేలను పరీక్షించనిదే, మెట్ల కింద ఖాళీని మిగతా మూడువందల యాభై పైచిలుకు రోజులకు పనికొచ్చేట్లు చేయనిదే, అప్పు ఏ జట్టు పిల్లల మీద పడుతుందో కాగితం మీద రాసి చూపించనిదే నేనైతే చేయి ఎత్తను. కొలరాడోవాళ్ళు కొత్త స్టేడియంలో తరగతి గదులు కూడా పెట్టారు. ఆ పని నాకు నచ్చింది.

ఆటే మానేసిన విశ్వవిద్యాలయం ఒకటుంది, దాని సంగతి చెప్పకుండా వదలలేను. షికాగో విశ్వవిద్యాలయానికి స్టాగ్ ఫీల్డ్ అనే సొంత స్టేడియం ఉండేది. చదువుకు ఆట అడ్డు వస్తోందని అధ్యక్షుడు హచిన్స్ 1939లో ఫుట్‌బాల్ జట్టునే రద్దు చేయించాడు. స్టేడియం వెలవెలబోయింది. పడమటి మెట్ల కింద రాకెట్లతో బంతి ఆడుకునే ఒక గది ఖాళీగా పడి ఉంది. ఎన్రికో ఫెర్మీ, అతని తోటి శాస్త్రజ్ఞులు ఆ గదిలో సుమారు 350 టన్నుల గ్రాఫైటు ఇటుకలు పేర్చి, వాటి నడుమ యురేనియం అమర్చారు. 1942 డిసెంబరు 2 మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకు, మానవుడు తన చేతులతో నడిపించిన మొట్టమొదటి పరమాణు శృంఖల చర్య అక్కడ మొదలైంది. 28 నిమిషాలు నడిచింది. పుట్టిన శక్తి అర వాటు, టార్చిలైటు బల్బుకు కూడా చాలదు. పెద్ద నగరం మధ్యలో అటువంటి ప్రయోగం చేయవచ్చునా అంటే, దాని మీద ఇంకో వ్యాసమే రాయాలి.

ఆ మెట్లను 1957లో కూల్చేశారు. ఆ స్థలంలో 1970లో పెద్ద గ్రంథాలయం తెరిచారు. పరమాణు చర్య జరిగిన చోట 1967లో హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం నిలిపారు. ఫుట్‌బాల్ మాటా? 1969లో మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి చిన్న స్థాయిలో. ఆడేది వేరే మైదానంలో. దాని పేరు కూడా స్టాగ్ ఫీల్డే.