వకీలును ఆశ్రయించుటకు ముందు

మన రైతులలో వ్యాజ్యమును కోరి తెచ్చుకొనువారు కొద్దిమందియే. కాని గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకము, ప్రోనోటు బాకీ, కొన్న భూమికి మరియొకరు హక్కు చెప్పుట మున్నగునవి కోరకయే ఇంటికి వచ్చుచున్నవి. అట్టి సమయమున వకీలును ఎట్లు వెదకవలెనో, ఎట్లు నియమించుకొనవలెనో తెలియక నష్టపోవువారు కలరు. కావున ఈ మాసమున ఆ విషయమును మా సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

ఒక రైతునకు కోర్టునుండి సమను వచ్చినదనుకొందము. అతడు చేవ్రాలు చేసి దానిని తీసికొని, కోర్టు ఆవరణలో తిరుగు దళారి చేతికి కొంత సొమ్ముతో ఇచ్చి, ఇక అంతయు అతడే చూచుకొనునని దుక్కికి పోవును. దళారి ఏ వకీలునకును కాగితము అందింపడు. వాయిదానాడు రైతు పక్షమున పలుకువారు ఉండరు. ఏకపక్షపు డిక్రీ పుట్టును. కోర్టు అమీను పొలములోనికి వచ్చిననాడు గాని రైతునకు సంగతి తెలియదు. న్యాయము తన పక్షమున ఉండియు ఇట్లు భూమి పోగొట్టుకొనుటకంటె దుఃఖకరమైనది లేదు.

ఇందుచే మొదట ఎరుగవలసినది గడువు. సమను అందిన పిమ్మట ప్రతివాది 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను; కోర్టు అనుమతించినచో 90 దినములవరకు పొడిగింపు దొరకవచ్చును. ఏకపక్షపు డిక్రీని రద్దు చేయుమని కోరుటకు డిక్రీ తేదీనుండి 30 దినములే గడువు. సమను సరిగా అందనివారికి మాత్రము డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి లెక్క. జిల్లా కోర్టులో అపీలునకును 30 దినములే. హక్కునుబట్టి భూమి స్వాధీనము కోరు దావాకు సామాన్యముగా 12 సంవత్సరములు. కాగితము చేతికి వచ్చిన మరునాడే వకీలును చూచుట ఉత్తమము.

దళారుల బాధ క్రొత్తది కాదు. వారి జాబితాను కోర్టులు ప్రకటింపవచ్చునని 1879 నాటి చట్టములోనే ఉండెను. 2023లో అడ్వొకేట్ల చట్టమునకు చేసిన సవరణలోను అట్టి నిబంధన చేర్చబడినది. రైతు తిన్నగా వకీలు కార్యాలయమునకు పోవుటయే దీనికి మందు.

అయితే ప్రతి తగాదాకును దావా అక్కరలేదు. గట్టు జరిగినదని అనుమానమున్నచో ముందు తహశీలుదారు కార్యాలయమున సర్వే నిమిత్తము దరఖాస్తు పెట్టి కొలిపించుకొనవలెను. సహకార సంఘ వ్యవహారములలో సభ్యునికిని సంఘమునకును కలుగు వివాదము 1964 నాటి సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ననుసరించి రిజిస్ట్రారు ఎదుటికి పోవలెను గాని సివిలు కోర్టునకు కాదు. మరియు సంఘము తరపున వాదించు వకీలు సంఘముతోడి తగాదాలో మీ పక్షమున నిలువజాలడు. అట్టిచో వేరొకరిని చూచుకొనుడు.

వ్యాజ్యము ఏ కోర్టులో నడువవలెనో ఆ ఊరి వకీలును ఎన్నుకొనుట మేలు. అతడు భూమి దావాలు నడపినవాడా, రాష్ట్ర బారు కౌన్సిలులో నమోదైనవాడా అని విచారింపుడు. ఇద్దరు ముగ్గురితో మాటలాడి చూడుడు. దస్తావేజులు, పాసుపుస్తకము, అడంగలు లేక పహాణీ, శిస్తు రసీదులు, వచ్చిన నోటీసులు తేదీల వరుసను కట్టగట్టి తీసికొనిపొండు. మీకు ప్రతికూలమైన కాగితమును దాచకుడు. దానిని ఎదిరిపక్షమువారు తప్పక బయటపెట్టుదురు.

ఫీజు సంగతి మొదటనే తేల్చుకొని కాగితముమీద వ్రాయించుకొనుడు. వకీలు ఫీజు వేరు, కోర్టు రుసుము వేరు, నకళ్ళ ఖర్చు వేరు. ఇచ్చిన ప్రతి సొమ్మునకు రసీదు పుచ్చుకొనుడు. గెలిచిన భూమిలో వాటా ఇచ్చెదమను ఒడంబడిక వకీళ్ళ నియమములకు విరుద్ధము. వకాల్తనామామీద చదివించుకొని చేవ్రాలు చేయుడు. తెల్లకాగితముమీద ఎన్నడును చేయకుడు. వకీలును మార్చదలచినచో అతని సమ్మతితో గాని కోర్టు అనుమతితో గాని మార్చవచ్చును. ఫీజు బాకీ ఉన్నదని వకీలు కట్టను ఆపరాదని 2000 సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది.

వ్యాజ్యము దాఖలైన పిమ్మట దానికి 16 అక్షరములును అంకెలును గల సీ.ఎన్.ఆర్. సంఖ్య ఇత్తురు. దానితో వాయిదా తేదీని ఈ-కోర్ట్స్ ద్వారా ఫోనులోనే ఉచితముగా చూడవచ్చును. చదువు వచ్చిన పిల్లలచేత మాసమున కొకసారియైన చూపించుకొనుడు.

సొమ్ము లేదని వెనుదీయవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టముచే స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, దివ్యాంగులకును, వరద, కరవు బాధితులకును, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికిని ఉచితముగా వకీలు లభించును. కోర్టులోని న్యాయసేవా కార్యాలయమున అడుగవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. రాజీకి వీలున్నచో లోక్ అదాలతు మేలు. అచ్చటి తీర్పు డిక్రీతో సమానము, దానిపై అపీలు లేదు. కనుక రాజీపత్రమును పూర్తిగా గ్రహించియే చేవ్రాలు చేయవలెను.

సేద్యమునకు అదను ఎట్టిదో వ్యాజ్యమునకు గడువు అట్టిది. ఏ సభ్యుని ఇంటికైనను కోర్టు కాగితము వచ్చియున్నచో ఈ రాత్రియే దానిని చదివించుకొని, అందులోని వాయిదా తేదీని గోడమీద వ్రాసికొనవలెనని మా మనవి.